లైల్ కాలి తాళం

"గట్టిగా కొట్టరా! లాఠీల మీద కట్టిన పాటకి జోలపాట దరువేంట్రా?" అని గాయకుడు రస్ షెడ్డు అదిరేలా అరిచాడు. "దెబ్బ తిన్నది నువ్వా?" అన్నాడు డ్రమ్ముల వెనక నుంచి లైల్, తలెత్తకుండా. లైల్‌కి పదిహేడేళ్లు. కుళాయి కారుతున్నా, బస్సు గురగురలాడినా వాడి కుడికాలు దానంతటదే తాళం వేస్తుంది. పోయిన శనివారం సన్‌సెట్ వీధిలో కర్ఫ్యూ అని కుర్రకారును తరుముతూ, లాఠీలు అరచేతుల్లో టక్ టక్‌మనిపిస్తూ పోలీసులు వస్తుంటే, ఆ కాలు వాళ్లకీ తాళం వేసింది. "వెక్కిరిస్తున్నావురా?" అంటూ ఒకడు మోకాలి మీద బాదాడు. ఆ టక్ టక్‌నే గిటారు వాయించే గోర్డీ పాటగా కట్టాడు. ఇవాళ సాయంత్రమే క్లబ్బులో తొలిసారి వాయించాలి, పోలీసులూ వస్తారట. రస్ నీళ్లకని బయటికెళ్లగానే లైల్ గోర్డీ చొక్కా పట్టి లాగాడు. "ఒరేయ్ గోర్డీ, పాట అయ్యేదాకా నా ముందు నిలబడవా? నా కాలు వాళ్లకి కనబడకూడదు."