గంట కొట్టాక మిగిలిన సగం పాఠం

ఈ పొద్దున చింతామణిలో మా స్కూలు ల్యాబులో కోడిగుడ్డు పెంకు మీద ఆసిడ్ పడగానే సుయ్‌మని నురుగు పొంగింది. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నా కళ్ళ ముందు నాగరత్న మిస్సు స్కూటర్ వచ్చి నిలబడింది! బాగేపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆవిడ మాకు సైన్సు చెప్పేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత. నేనివాళ సైన్సు టీచర్నయ్యానంటే ఆవిడ చలవే. అది ఎలా మొదలైందో చెప్పాలంటే సిగ్గూ వస్తుంది, నవ్వూ వస్తుంది.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు మిస్సు మూడు గాజు గ్లాసుల్లో గుడ్డు పెంకులు వేశారు. మొదటి దాంట్లో నీళ్ళు ఎక్కువ, ఆసిడ్ కొంచెం. రెండో దాంట్లో సగం సగం. మూడో దాంట్లో ఆసిడే ఎక్కువ. మొదటిది నింపాదిగా బుడగలు వదులుతుంటే మూడోది పొంగి బల్ల మీదికి దూకింది. మేమంతా బెంచీలెక్కి ఒకటే కేకలు! "చూసినారా? చిక్కగా ఉంటే ఆసిడ్డు రేణువులు ఎక్కువుంటాయి, పెంకుకు ఎక్కువసార్లు తగుల్తాయి. అందుకే అంత దూకుడు" అన్నారు. ఇంకేదో చెప్పబోతుండగా గంట కొట్టారు. మేం సంచులు తీసుకుని పరుగో పరుగు.

అప్పట్లో మా బోరు నీళ్ళ సున్నానికి డ్రిప్ పైపుల రంధ్రాలు తెల్లగా పూడిపోయి, పూతకొచ్చిన టమాటా తోట వాడిపోతోంది. ఆ ఏడాది మాకున్న పంట అదొక్కటే. నీళ్ళలో కలిపి పైపుల్లోకి వదలడానికి నాయన ఆసిడ్ క్యాన్లు తెచ్చిపెట్టాడు. నేను పెద్ద సైంటిస్టులా, "నీళ్ళెందుకు నాయనా? చిక్కగా పోస్తే చిటికెలో పోతాది. మిస్సు చూపిచ్చింది!" అన్నాను.

"అట్లనా? సదువుకుంటుండేదానివి, నువ్వు చెప్తే సరేలేమ్మా" అన్నాడు నాయన.

మరుసటి రోజు ప్రార్థన కాగానే మిస్సు దగ్గర గొప్పలు పోయాను. "మిస్సూ, ఈ పొద్దు మా నాయన నీళ్ళు కలపకుండానే ఆసిడ్డు వదుల్తాండాడు. నేనే చెప్పినా!"

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మోటరుకు కరెంటు ఎప్పుడొస్తాది?"

"పదికి."

అప్పుడు తొమ్మిదీ నలభై. నాయన ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. "ఎక్కు!" అన్నారు మిస్సు స్కూటర్ తీస్తూ.

మేం తోటకు చేరేసరికి పైపులకు తగిలించిన ఎరువు డ్రమ్ము నిండా ఆసిడ్డే, నాయన చెయ్యి స్టార్టరు మీద. "ఆగప్పా! ముట్టద్దు!" మిస్సు కేకకు నాయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. ఆవిడ ఒక టమాటా రెమ్మ తెంపి డ్రమ్ములో ముంచారు. చూస్తుండగానే ఆకులు రంగు మారి ముడుచుకుపోయాయి. నాయన నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. నేను భోరుమన్నాను.

"ఏడవద్దమ్మా. తప్పు నీది కాదు, నాది" అన్నారు మిస్సు. "ఆసిడ్డుకు ఇది సున్నం, ఇది మొక్క వేరు అని తెలీదు. చిక్కగా ఉంటే రెండిట్నీ తొందరగానే తినేస్తాది. ఆ మాట చెప్పకుండానే గంట కొట్టిరని వదిలేస్తి."

చీర కుచ్చిళ్ళు దోపుకుని, వేరే డ్రమ్ములో ముందు నీళ్ళు పోయించి, అందులోకి ఆసిడ్ కొంచెం కొంచెంగా కలిపించారు. పూడిపోయిన పైపు ముక్క ఒకటి వేసి చూస్తే చిన్న చిన్న బుడగలు నిదానంగా లేచాయి. "నిదానమైనా పని జరుగుతాండాది కదా" అన్నారు. మోటరు వేసి ఆ నీళ్ళు పైపుల్లో నిలిపి, మధ్యాహ్నం దాకా కాచుకుని, మళ్ళీ మోటరు వేసి పైపుల చివర మూతలు విప్పితే తెల్లటి బురద బయటికొచ్చింది. మూతలు బిగించాక మొదటి మొక్క దగ్గర టప్‌మని ఒక చుక్క! "పడతాండాది! పడతాండాది!" అని నాయన చిన్నపిల్లాడిలా సాళ్ళ వెంబడి పరుగెత్తాడు. నేనూ, మిస్సూ ఆయన వెనకాలే.

ఈ పొద్దున కూడా అదే మూడు గ్లాసుల పాఠం మధ్యలో గంట కొట్టారు. పిల్లలు సంచులెత్తారు. "కూర్చోండి, ఇంకా సగముండాది" అని మూడో గ్లాసులో టమాటా ఆకు ముంచి చూపించాను, ఎందుకో చెప్పాను. ముందు బెంచీ పిల్ల కళ్ళింత చేసుకుని, "మిస్సూ, ఇది మా నాయనకు చెప్పల్ల" అంది.

"ఇప్పుడు పోయి చెప్పు" అన్నాను.