షట్టరున్న ఇంటికి బొట్టు పిలుపు

మా నాన్న కొన్న ఇంటికి వీధి తలుపు లేదు, షట్టరుంది. అంబాజీపేటలో ఎండుకొబ్బరి కొట్టు అది. అక్కడ గుమస్తాగా చేసిన నాన్న, షావుకారు వ్యాపారం మానేస్తున్నారని తెలిసి, మేముండడానికి ఆ కొట్టునే అడిగి కొన్నారు. తొంభైల చివరి మాట. అప్పటికి మా పెంకుటిల్లు గాలివానకి పడిపోయి అద్దె వాటాలో తలదాచుకుంటున్నాం. "గోడలు గట్టివి, రోడ్డు మీదుంది, ఇంకేం కావాలి?" అన్నారు నాన్న. కిటికీలు కావాలి. ఆ ముక్క ఆయనకి తట్టలేదు.

షట్టరు దించితే పట్టపగలే చీకటి. ఎత్తితే మా మంచాలు బస్సుల్లో వాళ్ళకి కూడా కనబడేవి. అందుకని అమ్మ లోపల అడ్డంగా పాత చీర కట్టింది. ఎన్నిసార్లు సున్నం వేయించినా గోడల్లోంచి కొబ్బరి వాసన పోలేదు. శుక్రవారం సాంబ్రాణి పొగ వేసే ఆయన అన్ని కొట్లతో పాటు మాకూ వేసిపోయేవాడు. వద్దని చెబితే నవ్వి, మరుసటి శుక్రవారం మళ్ళీ వేసేవాడు.

అమ్మకి వీటన్నిటితో పేచీ లేదు. ఆవిడ బాధ ఒక్కటే. మా వైపు ఏ శుభకార్యమైనా ఆ ఇంటి ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి, గుమ్మంలో ఇల్లాలికి బొట్టు పెట్టి పిలవాలి. కొట్లకి శుభలేఖ ఇస్తారు, బొట్టు పెట్టరు. పిలుపులకి బయల్దేరిన ఆడవాళ్ళు మా షట్టరు దాటి పక్క సందులోకి తిరుగుతుంటే అమ్మ చీర తప్పించి చూసేది. షట్టరు కింద గచ్చుకి పసుపు రాసి, ముగ్గు వేసి చూసింది. రెండేళ్ళలో ఒక్కరూ ఆగలేదు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. కొట్లో కాపురముంటున్నామని చెప్పుకోవడానికి నాకు నామోషీ. అది మా కొట్టనీ, ఇల్లు వెనక వీధిలో ఉందనీ క్లాసులో అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను.

ఒక మధ్యాహ్నం నా స్నేహితురాలు, వాళ్ళమ్మగారు షట్టరు ముందు ఆగారు. వాళ్ళు కొత్త మేడ కట్టుకున్నారు. గృహప్రవేశం పిలుపులు. ఆవిడ చేతిలో భరిణె చూసి అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"రండి రండి, లోపలికి రండి" అంటోంది అమ్మ.

నేను అడ్డం వచ్చి, "ఇది మా కొట్టండి. ఇల్లు వెనక వీధిలో ఉందండి" అన్నాను.

ఆవిడ వేలికి అప్పటికే కుంకుమ అంటి ఉంది. "అలాగామ్మా. కొట్లో బొట్టు పెడితే ఏం బావుంటదండి? ఇంటికే వస్తాం. ఎప్పుడుంటారండి?" అని అమ్మని అడిగారు.

అమ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

"ఆయ్, ఇల్లు అటేనండి. ఇప్పుడు తాళం వేసొచ్చేం. మీకెందుకండీ శ్రమ, పిలిచేసినట్టే అనుకోండి" అంది అమ్మ.

"అయ్యో, అలా ఎలాగండీ" అంటూ ఆవిడ శుభలేఖ ఇచ్చి, వేలు భరిణె అంచుకి తుడిచి, మూత పెట్టుకుని వెళ్ళిపోయారు.

"నిజం చెప్పెయ్యలేకపోయావా?" అని అమ్మ మీదే విసుక్కున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"నా కూతురు అబద్ధమాడిందని పైవాళ్ళకి నేనెలా చెప్పనే?" అంది అమ్మ.

ఆవిడ వెనక వీధిలో మా ఇంటి కోసం వెతికారో లేదో తెలియదు. మళ్ళీ రాలేదు. బొట్టు పిలుపు లేని చోటికి అమ్మ వెళ్ళదు. నన్ను మాత్రం స్నేహితురాలు బాధపడుతుందని, లంగా ఓణీ కట్టి, కుచ్చిళ్ళు తనే సర్ది పంపించింది.

కొత్త మేడ బాగుంది. గదికి రెండేసి కిటికీలు. భోజనాల దగ్గర వాళ్ళమ్మగారు నా విస్తరి ముందు ఆగి, "అమ్మగారు రాలేదేమ్మా?" అని అడిగారు.

"కొట్టు కట్టేసి రావడం కుదరదందండి" అన్నాను, ఇంకో బూరె వేయించుకుంటూ.