బీరమ్మవ్వ చాపిన చెయ్యి

మక్తల్‌లో బీరమ్మవ్వ దగ్గర తొక్కు కొనాలంటే ముందు అరచెయ్యి చాపాలి. జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పి, చెంచాడు పండుమిరప తొక్కు ఆ చేతిలో వేసేది. కొనేవాళ్లు నాకి చూసి తల ఊపితేనే అమ్మేది. నాలుకకు నచ్చనిది ఇంటికి మోసుకుపోతే తనకే చెడ్డపేరని ఆమె పట్టుదల. ముప్పయ్యేళ్లు అలాగే బతికింది. మొగుడు పోయాక కూతుర్ని పెంచి పెద్ద చేసింది కూడా ఆ జాడీల మీదే.

మా కిరాణా కొట్టును నేను మార్టుగా మార్చిన ఏడాది నుంచే ఆమె గిరాకీ పడిపోయింది. దాచడం ఎందుకు? టమాట సాసు, చిల్లీ సాసు, మయోనీస్, పిజ్జాకు పూసే సాసు అంటూ అరలన్నీ నింపేశాను. పిల్లలకు దోసెలోకీ సాసే, చపాతీలోకీ సాసే. అన్నంలో పిండుకునేవాళ్లనూ చూశాను. ఖర్మ!

ఒకరోజు బీరమ్మవ్వ వచ్చి కౌంటర్ దగ్గర నిలబడింది.

"నాగరాజూ, నా తొక్కు గూడ నీ అరల పెట్టరాదు బిడ్డా? చేతులు ఆడినన్ని దినాలు నేను గీ పని ఇడిసిపెట్ట."

నాకు జాలి కలిగింది, తెలివి మాత్రం కలగలేదు. సీసాలు తెప్పించాను. ఆమె పేరుతో లేబుళ్లు కొట్టించాను. చదువు రాకపోయినా ఆ పేరును వేలితో తడిమి చూసుకుని ఎంత మురిసిపోయిందో! తొక్కు దంచిన రోజే మూతలు బిగించమన్నాను.

"వద్దు బిడ్డా. మూడు దినాలు గుడ్డ కట్టి ఉంచాలె, మల్ల దంచాలె. దానికి గాలి ఆడాలె."

"గా సాసులకు ఎవరు గాలి ఊదుతున్నరు అవ్వా? ఎల్లుండే జాతర. గిరాకీ పోతది."

ముప్పయ్యేళ్లు దంచిన చేతులకు నేను బుద్ధి చెప్పాను. చదువుకున్నవాణ్ణని ఆమె నా మాట విన్నది.

జాతర రోజు మార్టు నిండా జనం ఉండగా మూతలు ఠప్పు ఠప్పుమని ఎగిరాయి. ఎర్రటి తొక్కు పొంగి అరల మీదుగా కారింది. ఎవరో "కుళ్లిపోయింది" అన్నారు. కుళ్లలేదు, పులిసింది, తొందరపెట్టింది నేనే అని చెప్పాల్సింది. తల దించుకుని బిల్లులు కొడుతూ ఉండిపోయాను. బీరమ్మవ్వే కొంగుతో అర తుడిచింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆమె తొక్కు ఎవరూ కొనలేదు. జాడీలు కడిగి బోర్లించింది.

మొన్న మనవరాలు వర్షితను వెంటబెట్టుకుని మార్టుకు వచ్చింది. సాసు లేనిదే ఆ పిల్లకు ముద్ద దిగదట. నేను సీసా తీసిచ్చాను. బీరమ్మవ్వ దాన్ని అందుకోకుండా అలవాటుగా అరచెయ్యి చాపింది.

"జర చెయ్యిల వెయ్యి బిడ్డా, ఎట్లుందో చూస్త."

"సీలు విప్పొద్దు అవ్వా."

"గట్లనా," అని చెయ్యి ముడుచుకుంది. సీసా వర్షిత చేతికి ఇప్పించి మెల్లగా మెట్లు దిగింది. ఆరోజు నలుగురిలో చెప్పాల్సిన మాట అప్పుడు కూడా నా నోట రాలేదు.