ధర్మవరం మగ్గం వదిలి హిందూపురం మిషన్లు చూసొచ్చిన రోజు

మగ్గం మీద అచ్చు, అంటే ఎక్కించిన నిలువు పోగులు, అయిపోతే తప్ప నేసేవాళ్ళు ఊరు దాటరు. కొత్త అచ్చు పోగులు అతికే మనిషి మరునాడు వస్తానన్నాడు కాబట్టి నాకూ నా కోడలు రత్నమ్మకూ ఒక రోజు దొరికింది. ఆ రోజే ధర్మవరం నుంచి హిందూపురం పోయినాము.

ఎందుకు పోయినానో దాచేదేమీ లేదు. నా చెల్లెలు ఈశ్వరమ్మ హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ప్యాంట్లు కుడతాది. అమెరికా అంగళ్ళకు పోయే ప్యాంట్లు. ఫోన్ చేసినప్పుడల్లా "రత్నమ్మను పంపక్కా, కొత్తోళ్ళను తీసుకుంటాండారు" అంటాది. నా కొడుకు పెనుకొండలో వ్యాను నడుపుతా ఆడే రూములో ఉండాడు. మొగుడు ఆడ, పెండ్లాం ఈడ. పెనుకొండ నుంచి ఆ ఫ్యాక్టరీకి కంపెనీ బస్సు ఉండాది, పనిలో చేరితే ఇద్దరూ ఒకచోట ఉంటారు. అయితే మా పట్టుచీర ఒక్కరితో అయ్యే పని కాదు. నేను నేస్తాంటే కోడలు పక్కన కూసుని అంచు పోగు చుట్టిన నాడె, అదే పడవలాంటి కర్రముక్క, వేస్తాది. ఆమె లేస్తే మగ్గం నిలిచిపోయినట్లే. ఫ్యాక్టరీ ఎంత ఘోరమో ఆమె కండ్లకే చూపించి తిరిగి తెచ్చుకుందామని నేను టికెట్లు కొన్నాను.

ప్యాసింజరు ఏడు దాటినాక వచ్చింది. టికెట్ల కాడ జనం ఎక్కువ, పోయేవాళ్ళు ముందే పోండి. ఎడమ పక్క కిటికీ దొరికితే ఎండ తగులుతాది, కుడి పక్క చూసుకోండి. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటినాక, రాత్రిబడిలో. అప్పట్నుంచి రైలెక్కితే ఒక్క బోర్డూ వదలను. ఇంట్లో చేసుకున్న ఉగ్గాని బండి కదిలినాక విప్పినాము.

ఎదురుగా ఒకాయన కూసున్నాడు. పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు కూలీలను పంపే కాంట్రాక్టరంట. యాడికి పోతాండామో అడిగి తెలుసుకున్నాడు.

"గార్మెంట్సుకా? చేర్చు గానీ, యూనియన్‌లో మాత్రం చేరొద్దని చెప్పు అవ్వా" అన్నాడు. అవ్వా అంట. వాని తల కూడా నెరిసే ఉండాది.

"ఎందుకప్పా?"

"అమెరికాలో ఏమాయ? యూనియన్లు పెట్టి కూలి పెంచుకుంటా పోయిరి. గిట్టక ఓనర్లు ఆడ మూసేసి ఇట్ల పంపించిరి. ఇప్పుడు హిందూపురం ఆడోళ్ళూ అదే పాట. రేపు ఈడా మూసి ఇంకో దేశం పోతారు."

"ఆడ మూసినారంటివే, ఆ పనోళ్ళు ఇప్పుడు ప్యాంట్లు లేకుండా తిరుగుతాండారా?"

ఆయన నవ్వినాడు. "వేసుకుంటారు. ఈడ కుట్టిందే. చవగ్గా వస్తాది గదా."

"అయితే చవగ్గా కావాలనుకుని వాళ్ళ పని వాళ్ళే పోగొట్టుకుండారు."

నా మాట నాకే బాగుండింది. అంతలో రత్నమ్మ, "నువ్వు కట్టుకునింది మరమగ్గం చీరే గదత్తా" అనింది. బెంచీ మీద వాళ్ళంతా నవ్వినారు. నిజమే. ఇన్నేండ్లలో నేను నేసిన చీర నా ఒంటి మీదికి ఒక్కటి రాలేదు. షావుకారు పట్టూ జరీ ఇస్తాడు, చీరకింత అని కూలి ఇస్తాడు, చీర తీసుకుపోతాడు. మరమగ్గాలు వచ్చినాక ఆ కూలి పెరగడం మరిచిపోయింది. ఆ మరమగ్గం చీరలు కొనేవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

పెనుకొండలో కాంట్రాక్టరు దిగిపోయినాడు. కొండ మీద కోట గోడలు ఎండలో తెల్లగా కనపడతాండాయి. రత్నమ్మ కోటను చూడలేదు. మొగుడు డ్యూటీలో ఉంటాడని తెలిసి కూడా ప్లాట్‌ఫారమంతా వెతికింది. బండి కదిలినాక తల లోపలికి తీసుకునింది. నేను చూడనట్లు ఉగ్గాని డబ్బా మూత బిగించినాను.

హిందూపురంలో దిగేసరికి పది కావస్తాండాది. స్టేషన్ బయట షేర్ ఆటోలు దొరుకుతాయి, బేరం ఆడండి. ఫ్యాక్టరీ గేటు కాడ ఈశ్వరమ్మ మెడలో కార్డు వేసుకుని నిలబడింది. ఆమె నాకంటే ఎనిమిదేండ్లు చిన్నది, చూసేదానికి ఇరవై ఏండ్లు చిన్నది. ఆమె వీపు నిటారుగా ఉండాది. గుంతమగ్గంలో కాళ్ళు పెట్టి వంగి వంగి నాది నాడె మాదిరి అయింది. కడుపులో మొదటి మంట ఆడే లేచింది.

గేటు పక్క షెడ్డులో కొత్తోళ్ళకు పరీక్ష. నన్ను కిటికీ కాడ నిలబడనిచ్చినారు. రత్నమ్మను మిషన్ ముందర కూసోబెట్టి రెండు గుడ్డ ముక్కలు ఇచ్చినారు. కొంతదూరం బాగానే కుట్టింది. దారం తెగింది. తెగితే మళ్ళీ సూదిలోకి ఎక్కించి కుట్టాలంట. ఆమెకు ఆ ఊసే రాలేదు. రెండు కొసలూ నాలికకు తాకించి, వేళ్ళ మధ్య పెట్టి మెలితిప్పి, మగ్గం మీద పోగు అతికినట్లు అతికేసింది. మిషన్ తొక్కితే అతుకు పోయి సూదిలో ఇరుక్కునింది, సూది టక్కుమని విరిగింది.

పక్క మిషన్ల ఆడోళ్ళు పకపకా నవ్వినారు. "ఇదేందమ్మా, దారానికి ముద్దు పెడతాండావు?" అని ఒకామె. "మా ఊర్లో అట్లే పెడతాము, మీ దారానికి సిగ్గెక్కువున్నట్లుండాది" అని రత్నమ్మ. మళ్ళీ నవ్వు. సూపర్‌వైజరమ్మ కూడా నవ్వి కొత్త సూది వేసింది.

ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. నా పక్కన మగ్గం మీద కూసున్నన్నాళ్ళూ ఆమె నవ్వింది లేదు. నవ్వేదానికి నేను తప్ప ఇంకెవరూ లేకపోయిరి. ఇంత సులువుగా వాళ్ళు ఆమెను నవ్వించినందుకు నాకు ఒళ్ళు మండింది.

చేర్చుకుంటాము, సోమవారం రమ్మన్నారు.

మధ్యాహ్నం చెల్లెలు క్యాంటీన్ సాంబారన్నం పెట్టించింది. ఉప్పు తక్కువ. అదొక్కటే నాకు దొరికిన తప్పు.

"బస్సు వస్తాది, ఆదివారం సెలవు, పీఎఫ్ పట్టుకుంటారు" అని చెప్పుకుంటా పోయింది ఈశ్వరమ్మ. "దుడ్లు తక్కువే అక్కా. టార్గెట్ అని ప్రాణం తీస్తారు. ఒంటికి పోవాలన్నా అడిగి పోవాల."

ఆ కడపటి మాట నేను గట్టిగా పట్టుకుని రత్నమ్మ వైపు చూసినాను. "ఇంట్లోనూ నిన్ను అడిగే లేస్తా గదత్తా" అనింది ఆమె.

"పోయిన వానల్లో టీ టైం తీసేసినారు" అని చెల్లెలు అందుకునింది. "మా యూనియన్ వాళ్ళం ఒక మాట అనుకుని మిషన్లు ఆపేసి చేతులు కట్టుకుని కూసున్నాము. సగం పూటకు మేనేజరే దిగొచ్చినాడు. టీ మళ్ళీ ఇచ్చినారు."

"నేను చేతులు కట్టుకుని కూసుంటే ఎవరొస్తారు? మా వీధి మేకలు కూడా రావు. షావుకారు పట్టు తీసుకుపోయి పక్కింట్లో ఇస్తాడు."

"పక్కింటామెను కూడా కూసోమను."

"ఆమె నాతో మాట్లాడి ఎన్నాళ్ళయింది."

ఈశ్వరమ్మ నవ్వింది గానీ, నేను నవ్వులాటకు చెప్పలేదు. ఆమె నిటారు వీపు మీద, ఆదివారం మీద కుళ్ళు పడినాను, సరే. పని నిలిపితే ఎందుకని అడిగేదానికి వచ్చే మనిషి ఒకడు ఆమెకు ఉండాడు చూడండి, దాని మీద పడిన కుళ్ళు ముందు అవేమీ కావు.

నాలుగు దాటినాక తిరుగు బండి. రత్నమ్మ చేరతాననలేదు, చేరననలేదు. సోమవారం మాటే ఎత్తలేదు. పెనుకొండ దగ్గరపడేకొద్దీ ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటా, విప్పుకుంటా ఉండాది. ఎంత ఘోరమో చూపిద్దామని తీసుకొచ్చినదాన్ని నేనే. ఏం చూపించినానో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"బండి ఈడ శానాసేపు ఆగదు. దిగు" అన్నాను.

"మగ్గం అత్తా?"

"మగ్గం సంగతి నేను చూసుకుంటా. వానికి ఫోన్ చేసి స్టేషన్‌కు రమ్మను."

ఆమె కాళ్ళకు మొక్కబోయింది. జనం అడ్డం, దిగిపొమ్మన్నాను. దిగింది. వెనక్కి చూసింది. నాకు కొంచెం కోపం తగ్గింది.

ఆమె సీట్లో బుక్కపట్నం పక్క మనిషి ఒకామె కూసునింది. చేను ఎండిపోయి ధర్మవరంలో అక్క ఇంటికి పని వెతుక్కుంటా వస్తాండాదంట. నేను మగ్గం సంగతి చెప్పినాను, పక్కన కూసునే మనిషి కావాలన్నాను.

"నేర్పిస్తే చేస్తాను పెద్దమ్మా. కూలి ఎంతిస్తావు?"

కాంట్రాక్టరు మాదిరి గొంతు సవరించుకున్నాను. షావుకారు నాకిచ్చేదాంట్లో ఎంత తీసియ్యాలో లెక్క కట్టి చెప్పినాను. ఆమె తక్కువనింది. కొంచెం పెంచినాను.

"ఆదివారం సెలవిస్తావా?"

ఇయ్యను పో అని నోటి దాకా వచ్చింది. మగ్గంలో దిగినకాడినుంచి నాకే లేని ఆదివారం ఈమెకెందుకియ్యాల? ఆమె నా ముఖమే చూస్తాండాది, చేతులు ఒడిలో కట్టుకుని. అప్పుడు తట్టింది. ఆమె రాని రోజు నేనొక్కదాన్నే ఆ మగ్గం నేయలేను.

"ఇస్తా" అన్నాను. "ఇద్దరికీ."