మందు ముట్టని కోళ్లు

బోగోలు అవతల, ఉప్పుగాలి తగిలే కోళ్లషెడ్డు దగ్గర అబిగయీలుకు ఆ వారమంతా కాలు నిలవలేదు. లోపలికి పోయేది, బయటికి వచ్చేది, చేయి కడిగీ కడగకముందే మళ్లీ తడిక తీసేది. నిన్న బాగా తిరిగిన కోడి ఈ పొద్దుకు ఈకలు ఉబ్బించుకుని మూల చేరేది, నురగ నురగగా రెట్ట వేసేది, మధ్యాహ్నానికి కాళ్లు చాపేది.

మందులు పెట్టని కోడి కావాలని ఆమె దగ్గరికి కావలి నుంచి మనుషులు వస్తారు. ఆ పేరు చూసుకునే ఆమె తలెత్తుకు తిరుగుతుంది. కాస్త ఎక్కువే ఎత్తుతుందని ఊరు అంటుంది, అననీ. ఇప్పుడు మాట నిలవాలంటే కోళ్లు పోతాయి, కోళ్లు నిలవాలంటే మాట పోతుంది. మేతల కొట్టు తిమోతి యాంటీబయాటిక్ పొట్లం తెచ్చి, నీళ్లలో కలిపితే ఎవరికి తెలుస్తుందని నచ్చజెప్పాడు.

"నాకు తెలస్తాది గదా, తమ్ముడా" అన్నది. అన్నదే గాని పొట్లం తిరిగివ్వలేదు, కొంగున ముడేసుకుంది.

పశువుల డాక్టరు ప్రత్యూష వచ్చి చచ్చిన కోడిని గోనెసంచి మీద పెట్టి కోసింది. పేగు గాలి నిండి ఉబ్బి ఉంది. చీలిస్తే లోపలి పొర పాత తువ్వాలులా గరుకుగా ఊడి వచ్చింది. ఈ జబ్బు తెచ్చే క్రిమి పేగులో ఎప్పుడూ ఉండేదేననీ, దానికి తిండి దొరికి పెచ్చుపెరిగిందనీ చెప్పి, ఏం మేపుతున్నారని అడిగింది.

అబిగయీలు నిటారుగా నిలుచుంది. ఊళ్లో ఎవరూ పెట్టని మేత తనది. వలలో పడి అమ్ముడుపోని చిన్నచేపను అన్న మాథ్యూ ఎండబెట్టి ఇస్తాడు. తను దంచి తవుడులో కలుపుతుంది. వానలు పట్టి కోళ్లు నీరసిస్తే ఇంకో చేటెడు ఎక్కువే కలిపింది.

"అక్కా, ఆ చేప ఆపండి. అరక్క మిగిలిందంతా క్రిమికే మేత అవుతోంది" అంది ప్రత్యూష. "కింద ఊక కూడా తడిసి ముద్దయింది, ఎత్తి పారెయ్యండి."

"చేప తిని చెడినోళ్లను నేను చూళ్లేదమ్మా. మేం అది తినే పెరిగినాం."

"మీరు కోళ్లు కాదు గదా అక్కా."

అబిగయీలు నవ్వలేదు. చావులు తగ్గకపోతే మందు పెట్టక తప్పదనీ, అప్పుడు ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పి అమ్మాలనీ డాక్టరు కచ్చితంగా చెప్పింది. అబిగయీలు కొంగుముడి విప్పి పొట్లం డాక్టరు చేతిలో పెట్టింది.

"ఇది మీకాడ ఉంచండి. నాకాడుంటే నా చెయ్యి ఊరుకోదు."

తడి ఊకంతా గీకి ఎత్తిపోసింది. సున్నం చల్లి, పొడి ఊక పరిచింది. డాక్టరు ఇచ్చిన, పేగుకు మేలుచేసే మంచి క్రిముల పొడి మేతలో కలిపింది. కోళ్లు చేప కోసం తొట్టి గీరుతున్నా ఆమె చేప కలపలేదు. మర్నాడూ కొన్ని చచ్చాయి. ఆ పై రోజు చావులు తగ్గాయి.

ఆ వారం చివర్లో మాథ్యూ బండి మీద కొత్త చేపల మూట తెచ్చాడు. ఆమె గేటు తీయలేదు.

"చేప దించబాక, అన్నా."

"మా చేపకే వంక పెడతా ఉండావా?"

"చేపకు కాదు. కొలత మీరి పోసినానే, ఆ నా చేతికి పెడతా ఉండా."

మాథ్యూ మంచినీళ్లన్నా ముట్టకుండా బండి తిప్పుకుని పోయాడు. ఆమె వెనక నుంచి పిలవబోయి, షెడ్డులో ఏదో చప్పుడైతే అటు పరుగెత్తింది. కోళ్లు తొట్టి దగ్గర పొడుచుకుంటున్నాయి, అంతే. ఆ పొద్దు ఒక్కటీ మూల చేరలేదు. అయినా ఆమె కూర్చోలేదు. నురగ రెట్ట అంటిందేమోనని ఇంకోసారి అన్ని కోళ్ల తోకల కిందా చూసి, చేతులు కడుక్కుని, చెప్పులు వెతికి వేసుకుని అన్న ఇంటికి బయలుదేరింది.