తమ్ముడి కార్డు, మేనమామ చీర

మా తమ్ముడి క్రెడిట్ కార్డు అందరి దగ్గరా ఉండేలాంటిది కాదు. లోహంతో చేసింది. బల్ల మీద పడేస్తే ఖంగుమంటుంది. అది చేతికొచ్చినప్పటి నుంచి వాడు విశాఖపట్నం నుంచి చోడవరం వచ్చినప్పుడల్లా మా చేతుల్లో పెట్టి బరువు చూడమనేవాడు. అది చూపిస్తే విమానాశ్రయం లాంజ్‌లో కూర్చోబెట్టి ఊరికే టిఫిన్ పెడతారట. వాడు విమానం ఎక్కడం మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు. అయితే ఏడాదిలో ఇంత అని ఖర్చు చేయకపోతే ఆ కార్డుకి పెద్ద ఫీజు కట్టాలి. అందుకని చుట్టాల్లో ఎవరేం కొన్నా వాడే ముందుకొచ్చి గీకేవాడు, తర్వాత వాళ్ల దగ్గర డబ్బు తీసుకునేవాడు. మా పిన్ని ఫ్రిజ్జు, మా పొలంలో మోటారు అలా వచ్చినవే.

కిందటేడు మా అమ్మాయి పెళ్లి బట్టలకి అందరం అనకాపల్లి వెళ్లాం. చెరకు నరకడం అప్పుడే మొదలైంది, డబ్బు చేతికి రావడానికి ఇంకా వ్యవధి ఉంది.

"బావా, మొత్తం నా కార్డు మీద గీకేద్దాం. బిల్లు కట్టడానికి నెల పైనే టైముంటాది. నీ సెరుకు డబ్బులొచ్చేక ఇద్దువు గాని" అన్నాడు తమ్ముడు.

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా గుండె తేలికపడింది. వడ్డీ అప్పుకోసం ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. పైగా ఆ కార్డుకి కొట్టువాడు కొంత తగ్గించాడు కూడా. ఆ రోజు మా పరువు నిలబెట్టింది అదే, కాదనను.

ఆ బట్టల్లోనే మేనమామ చీర కూడా ఉంది. మాలో పెళ్లికూతుర్ని పీటల మీదకి తీసుకొచ్చేది మేనమామే. అప్పుడు ఆమె ఒంటి మీద అతను తన డబ్బుతో కొన్న చీర ఉండాలి. పెళ్లికూతురి తల్లికి అత్తవారింట్లో పుట్టింటి పరువు ఆ చీరే. మేనమామగా మా తమ్ముడు ఆకుపచ్చ పట్టు చీర ఏరి తీస్తే నేను మురిసిపోయాను. అదీ ఆ కుప్పలోనే పడి ఒకే బిల్లులో కలిసిపోయింది.

చెరకు డబ్బు పడింది. మా ఆయన వరండాలో కూర్చుని తమ్ముడికి ఫోన్లో పంపి, "బిల్లు మొత్తం పంపించేసేనే. ఇంక మీ తమ్ముడికి మనం ఏటీ బాకీ లేం" అన్నారు.

బియ్యంలో రాళ్లు ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. మొత్తం అంటే మేనమామ చీర కూడా. అంటే అది మేం కొనుక్కున్న చీరే. మా ఆయనకి ఆ సంగతే తట్టలేదు. తమ్ముడు చూసుకుని తిరిగి పంపుతాడులే అనుకున్నాను. పంపలేదు.

ఇక కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మా ఆయన ఫోన్ మోగితే చాలు, డబ్బు వచ్చిందేమోనని తొంగిచూసేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. శుభలేఖలివ్వడానికి దేవరాపల్లి వెళ్లి, ఎవరికిచ్చానో మర్చిపోయి ఇచ్చినవాళ్లకే మళ్లీ ఇచ్చొచ్చాను. మా ఆయనతో అంటే అత్తగారి చెవిన పడుతుంది, ఆవిడ నోట్లో పడితే ఇక ఊరంతా పాకుతుంది. తమ్ముణ్ణి అడుగుదామా అంటే అవసరానికి ఆదుకున్నవాడాయె. కక్కలేను, మింగలేను. ఆ కార్డు మీద ఒళ్లు మండేది. రొక్కమైతే వాడు జేబులోంచి తీసేవాడు, ఎవరి డబ్బు ఎవరిదో అందరి కళ్లకీ కనబడేది.

పందిరి వేసిన రోజు వాడొచ్చాడు. పెరట్లోకి పిలిచి అడిగేశాను.

"ఒరే, ఆ పచ్చసీర డబ్బులు కూడా మీ బావ దగ్గరే తీసుకున్నావు. సూసుకోలేదేటి?"

వాడు తల దించుకున్నాడు. "సూసేనక్కా. పంపుదామంటే నా దగ్గర లేవు. జీతం వచ్చిన రోజే కారు వాయిదాకీ అద్దెకీ పోతంది. కార్డుంది గాని డబ్బుల్లేవు."

పైన పటారం, లోన లొటారం. తిట్టడానికే నోరు తెరిచాను. నేను చంకనేసుకుని తిప్పినప్పటి మొహమే పెట్టుకుని నిలబడ్డాడు వాడు.

"జేబులో ఎంతుందో అంత పట్టుకుని బజారుకెళ్లు. దానికేటొస్తే అదే తే. ఆ కార్డు ఇక్కడెట్టి ఎల్లు" అన్నాను.

పసుపురంగు నూలు చీర తెచ్చాడు. అమ్మాయికి జరిగింది చెప్పాను. అది ఆ చీర చేతుల్లోకి తీసుకుని, "మావయ్య తెచ్చిందే కట్టుకుంటానమ్మా" అంది. పట్టు చీర మేం పెట్టిన చీరల్లో చేరింది.

ముహూర్తం వేళ అత్తగారు అమ్మాయి కట్టుకున్న నూలు చీర కొంగు రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు.

"అంత పెద్ద కార్డున్నోడు మేనకోడలికెట్టిన సీర ఇదేటే?"

చుట్టాలంతా నా వైపు తిరిగారు. ఇన్నాళ్లూ నేను హడలిపోయింది ఆ చూపులకే.

"ఇదే అత్తా. మా తమ్ముడు సొంత డబ్బులెట్టి కొన్నాడు" అన్నాను.

వాడు మా అమ్మాయి చెయ్యి పట్టుకుని పీటల దాకా నడిపించుకొచ్చాడు, కళ్లనిండా నీళ్లతో. నేను ఎటూ కదలకుండా నిలబడి కళ్లారా చూసుకున్నాను.