దేశభద్రతకు బంతిపూల దండ

తడిసిన షామియానా ఎండలో ఆరుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం ముక్కిన గుడ్డ వాసన, కొంచెం నిన్నటి పూల వాసన. మొన్న పద్మారావు నగర్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్ళు ఏదో సభకని గేటు లోపల షామియానా వేయించారు. రాత్రి వాన పడింది, పొద్దున్నే ఎండ కాసింది. ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు దిగిన నేను ఆ వాసన తగలగానే అక్కడే నిలబడిపోయాను. ఏమైంది సార్ అని వాచ్‌మన్ అడిగాడు. బాల్‌రాజన్న గుర్తొచ్చాడంటే అతనికేం అర్థమవుతుంది? ఏం లేదన్నాను.

బాల్‌రాజన్నకు కార్ఖానా అనే బస్తీలో టెంట్ హౌస్ ఉండేది. పెళ్ళికైనా చావుకైనా పార్టీ సభకైనా ఆయన కుర్చీలే, ఆయన షామియానాలే. పైగా ఒక పార్టీకి కంటోన్మెంటు ప్రాంత అధ్యక్షుడు. ఆ పార్టీ ఏదో చెప్పను, చెబితే మీలో సగం మంది ఇక్కడితో చదవడం మానేస్తారు. ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగుతున్న రోజులవి. నేనూ విజయనగరం నుంచి వచ్చి, అమీర్‌పేటలో ఒక కోర్సు చేసి, ఉద్యోగం మాత్రం దొరక్క, టెంట్ హౌస్ మీది గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. నాకు కంప్యూటర్ వచ్చని తెలిసిన రోజే ఆయన నన్ను పార్టీ ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఆఫీసంటే టెంట్ హౌస్ వెనక గది. ఒక పక్క కంప్యూటర్, మిగతా పక్కలన్నీ వంట గుండిగలు.

ఆ ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో మా పార్టీకి ఒక తలనొప్పి వచ్చి పడింది. దేశభద్రత విషయంలో మా వాళ్ళను నమ్మలేమని జనంలో ఒక మాట పుట్టింది. మామూలు చోట్లయితే రోడ్లూ నీళ్ళూ చెప్పి నెట్టుకురావచ్చు. మా కంటోన్మెంటులోని తిరుమలగిరిలో అలా కుదరదు. అక్కడ ప్రతి సందులో ఒక రిటైర్డ్ హవల్దారు ఉంటాడు, మనం నోరు తెరిచేలోపే పేపరంతా చదివేసి ఉంటాడు. తిరుమలగిరిలో నమ్మకం సంపాదిస్తే వచ్చే కంటోన్మెంటు బోర్డు ఎన్నికల్లో టికెట్ నీదేనని పై నుంచి బాల్‌రాజన్నకు కబురు వచ్చింది. ఆ టికెట్ కోసం ఆయన ఏళ్ళ తరబడి అందరి సభలకూ కుర్చీలు మోశాడు.

"తమ్మీ, దేశభద్రత అంటే ఏందో జెర కంప్యూటర్ల చూడు" అన్నాడు.

చూసి, కాగితాల మీద అచ్చు తీసి ఇచ్చాను. మొదటి పేజీ సగం చదివి పక్కన పెట్టాడు. "గిదంతా చదువుకుంట కూసుంటే ఎలక్షన్లు అయిపోతయ్. మిసైల్ చేపిద్దాం" అన్నాడు. పెళ్ళి మండపాలు చేసే వడ్రంగే ప్లైవుడ్‌తో మిసైల్ చేశాడు. అలవాటు కొద్దీ దాని అంచుకు మెరిసే చెమ్కీ కూడా అంటించాడు. దాన్ని వ్యాను మీద ఎక్కించి తిప్పుతుంటే, పెళ్ళి ఎవరిదని జనం అడిగారు. బాల్‌రాజన్న ఆ రోజంతా పరేషాన్‌గా తిరిగి, సాయంత్రానికి రెండో ఆలోచనతో వచ్చాడు. మన దగ్గరి పిల్లల్లో బోర్డర్‌లో ఉన్నవాళ్ళ ఫోటోలు స్టేజీ మీద పెట్టి, వాళ్ళ తల్లులను ముందు వరుసలో కూర్చోబెట్టి మర్యాద చేద్దామన్నాడు. ఈ ఆలోచన నాకూ నచ్చింది.

ఫోటోల కోసం మొదట పైడమ్మ గారింటికి వెళ్ళాం. వాళ్ళది మా విజయనగరం వైపే. ఆమె భర్త అప్పలనాయుడు గారు హవల్దారుగా రిటైరై తిరుమలగిరిలోనే స్థిరపడ్డారు, కొడుకు రమణ కూడా సైన్యంలోనే ఉన్నాడు. అప్పలనాయుడు గారు అప్పుడు ఇంట్లో లేరు. పైడమ్మ గారు గోడ మీది ఫోటో దించి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చారు.

"జాగర్తగా ఒట్టుకెళ్ళు బాబూ. మల్లీ నాకిచ్చీయాల" అన్నారు.

"కొడుకు యాడున్నడమ్మా ఇప్పుడు?" అని బాల్‌రాజన్న అడిగాడు. ఆమె గర్వంగా ఆ చోటు పేరు చెప్పారు. ఆయన దాన్ని రెండుసార్లు నోట్లో అనుకుని గుర్తుపెట్టుకున్నాడు.

సభ రోజు స్టేజీ అలంకరణ ఆయన ఎవరికీ అప్పగించలేదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఫోటోలు వరుసగా నిలబెట్టాడు. ఇక్కడే ఆయన వృత్తి ఆయన్ని ముంచింది. స్టేజీ మీద ఫోటో కనబడితే ఆయన చెయ్యి దానంతటదే పూల బుట్టలోకి పోతుంది. ప్రతి ఫోటోకీ నిండైన బంతిపూల దండ వేశాడు. ముందు దీపం పెట్టాడు, అగరొత్తులు వెలిగించాడు. బతికున్న మనిషి ఫోటోకు దండ వేయకూడదని తెలియని తెలుగువాడు ఉండడు. ఆయనకు మాత్రం ఆ సాయంత్రం తట్టలేదు. నేను బయట జనరేటర్ దగ్గర వైర్లతో తంటాలు పడుతున్నాను.

పైడమ్మ గారు పట్టుచీర కట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. బాల్‌రాజన్న మైకు అందుకుని, ఒక్కొక్క పిల్లవాడి పేరూ, ఎక్కడ కాపలా కాస్తున్నాడో ఆ చోటూ చదవడం షురూ చేశాడు. రమణ పేరు వచ్చేసరికి పైడమ్మ గారు లేచి మెట్లెక్కారు. తనను ఆశీర్వదించడానికి వస్తోందనుకుని స్టేజీ మీదున్న మా పార్టీ అభ్యర్థి తల వంచాడు. ఆమె ఆయన్ని దాటిపోయి, కొడుకు ఫోటో మీది దండ తీశారు. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశారు. స్టేజీ పక్కన వెదురు బొంగులకు కట్టిన బ్యానర్ మీద బాల్‌రాజన్న చేతులు జోడించి నవ్వుతున్నాడు. దండ తీసుకెళ్ళి ఆ ముఖం మీదుగా వేలాడదీసి, మైకు ముందుకు వచ్చారు.

"మావోడు నిన్న సాయంత్రం ఫోన్ సేసినాడు. అన్నం తిన్నాడు, బాగున్నాడు. ఈ బాబుకేటయ్యిందో నాకు తెలీదు."

జనం కుర్చీలు విరిగేలా నవ్వారు. మిగతా తల్లులు కూడా ఎక్కి ఎవరి దండ వాళ్ళు తీసేశారు. మా అభ్యర్థి దేశభద్రత మీద రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

సభ చెదిరాక అభ్యర్థి గుండిగల గదికి వచ్చి, నన్ను కంప్యూటర్ ముందు కూర్చోమన్నాడు. ఎదుటి పార్టీ వాళ్ళు మనుషుల్ని పంపి దండలు వేయించారని పేపర్లకు ప్రకటన రాయాలట. నేను కీబోర్డు మీద చేతులు పెట్టాను. బోర్లించిన గుండిగ మీద కూర్చున్న బాల్‌రాజన్న అప్పుడు నోరు విప్పాడు.

"ఆగు తమ్మీ. దండలు నేనే ఏసిన సార్. నా చేతుల్తోని ఏసిన."

"ఆ సంగతి ఎవరికి తెలుసు?"

"నాకు ఎరుకే గద సార్. పూలదండ కాడ అబద్ధమాడినోడు బోర్డర్ ముచ్చట చెప్తే ఎవరు నమ్ముతరు? నేనే నమ్మ."

"అయితే టికెట్ మాట మర్చిపో."

బాల్‌రాజన్న గుండిగ మీంచి లేచాడు. "చాయ్ తాగి పోండ్రి సార్" అన్నాడు. అంతవరకూ ఆయన నాకు నవ్వు పుట్టించే ఇంటి యజమాని. ఆ క్షణం నుంచి నాకు ఆయన మీద గొప్ప ప్రేమ కలిగింది, ఇప్పటికీ అలాగే ఉంది.

మర్నాడు స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుని ఇంటింటికీ వెళ్ళాడు. ప్రతి గుమ్మంలోనూ "దండ ఏసింది నేనేనమ్మా" అంటూ మొదలుపెట్టేవాడు. పైడమ్మ గారి కోపం ముందు రోజు దండతోనే దిగిపోయినట్టుంది, మంచినీళ్ళు ఇచ్చారు. అప్పలనాయుడు గారు మాత్రం కూర్చోమనలేదు.

"దండ సంగతి నువ్వూ అదీ సూసుకోండి" అన్నారాయన పైడమ్మ గారి వైపు చూపించి. "దేశభద్రత మీద మీటింగెట్టి, మావోడి యూనిట్ ఎక్కడున్నాదో ఊరంతా ఇనేటట్టు మైకులో సెప్పినావు. దాన్నేటంటారు?"

బాల్‌రాజన్న చేతులు జోడించాడు. తెల్లవారేదాకా పూల గురించే బాధపడ్డాం కానీ, ఇది మా ఇద్దరికీ తోచనే లేదు.

"పెద్ద తప్పయింది సార్. మళ్ళ నా నోట్లకెల్లి రాదు."

"సరే. గెలిస్తే బోర్డర్లో మీ పార్టీ ఏటి సేస్తాది?"

"నాకు తెల్వద్ సార్. తెల్సినోళ్ళను అడిగొచ్చి చెప్త. వాళ్ళకు సుత తెల్వకుంటే, తెల్వదనే వచ్చి చెప్త."

అప్పలనాయుడు గారు ఆయన్ని తేరిపార చూసి, "కూర్సో" అన్నారు.

ఆ తర్వాత మైకూ లేదు, మిసైలూ లేదు. బాల్‌రాజన్న సాయంత్రాలు తిరుమలగిరి అరుగుల మీద కూర్చుని, అడిగినవాటికి తెలిసినంత చెప్పేవాడు. సగం ప్రశ్నలకు తెల్వదనేవాడు, కొన్నింటికి రెండు రోజులాగి జవాబు తెచ్చేవాడు. పిల్లలు ఆయన్ని దండల బాల్‌రాజ్ అని పిలిచినా పలికేవాడు. మా అభ్యర్థి ఓడిపోయాడు. బోర్డు టికెట్ ఇంకెవరికో పోయింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పైడమ్మ గారు టెంట్ హౌస్‌కు వచ్చారు. నన్ను పలకరించి, బాల్‌రాజన్నను పక్కకు పిలిచి, చెవిలో ఏదో చెప్పి వెళ్ళారు. ఏమిటన్నా అని అడిగాను.

"కొడుకు లీవు మీద వస్తుండంట. స్టేషన్‌కు నన్ను రమ్మన్నది."

"ఏ రోజు? ఏ బండికి?"

ఆయన షామియానా మడతపెడుతూనే, "గది నాకు చెప్పింది తమ్మీ" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. వాళ్ళ వైపువాణ్ణి నేను, ఫోటో నా చేతికిచ్చిన మనిషి ఆమె. తర్వాత ఒకరోజు రమణ టెంట్ హౌస్‌లో కూర్చుని చాయ్ తాగుతూ కనిపించేదాకా అతను వచ్చిన సంగతే నాకు తెలియదు. చాలా ఏళ్ళకు బాల్‌రాజన్న జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడబోయాను. అప్పటికి రమణ కూడా రిటైరయ్యాడు. "ఇప్పుడైనా చెప్పన్నా, ఏ బండి అది?" అని నవ్వుతూ అడిగాను. ఆయన కూడా నవ్వాడు. "ఆమెను అడుగు" అన్నాడు. మేం మాట్లాడుకున్న చివరి మాట అదే.

నాకు ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, తల నెరిసింది. ఎవరైనా నమ్మి నా చెవిన ఒక మాట వేస్తే, అది నా దగ్గరే ఉంటుంది. దీనికి మా ఆవిడ మొండితనం అని పేరు పెట్టింది. పైడమ్మ గారు ఇప్పటికీ తిరుమలగిరిలోనే ఉన్నారు, పండక్కి వెళ్ళి కనబడి వస్తుంటాను. ఆ బండి ఏదని అడిగితే ఆమె ఇట్టే చెప్పేస్తారు. నేను అడగలేదు.